మూలకి ముందే ఆగిన గీత

ఆస్పత్రి సైటు నుంచి,
ఆదివారం

ప్రియమైన గడుగ్గాయికి,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో అరుచుకోకుండా ఉత్తరాలు రాసుకోండని మీ అమ్మ పెట్టిన నియమం మంచిదే గాని, అరవాల్సిన చోట అరవలేక నాకు చెయ్యి నొప్పి పుడుతోంది. ఎంత గట్టిగా నొక్కి రాస్తున్నానో చూడు, కాగితం అవతలి వైపు నుంచి కూడా చదువుకోవచ్చు.

ఇల్లు కొనడానికి ఏజెంటుని పెట్టుకున్నానని రాశావు. అమ్మేవాళ్ళకి ఒక ఏజెంటు ఉండనే ఉన్నాడు కదా. ఆయనే తాళం తీస్తాడు, ఆయనే ఇల్లు చూపిస్తాడు, ఆయనే కాగితాలు రాయిస్తాడు, మనల్ని పైసా అడగడు. మళ్ళీ కొనేవాళ్ళ తరఫున ఇంకొకావిడ దేనికి? మీ డిపోలో ఒక బస్సుకి ఇద్దరు డ్రైవర్లని పెడతారా? పైగా ఆవిడ వాన పడితే గాని ఇల్లు చూడదట. గొడుగేసుకుని తిరగడానికి కూడా ఫీజు ఇవ్వాలంటే ముందు నాకివ్వు, నాకూ గొడుగుంది.

ముప్పై ఏళ్లుగా గోడలకి రంగులు వేస్తున్నవాడు నీకు నాన్న. గోడ మీద అరచెయ్యి పెట్టి దాని జాతకం చెప్పగలను. ఇల్లు కట్టి చూడమన్నారు గాని కొని చూడమనలేదు పెద్దలు. కొనడం అంత బ్రహ్మవిద్యేం కాదు కాబట్టే అనలేదు.

ఇక్కడ మూడో అంతస్తు అయిపోవచ్చింది. అంతా తెలుపే. నా గీత మాత్రం గీయనివ్వడం లేదు. ఏ గదికి రంగు వేసినా సీలింగు కింద వేలెడు వెడల్పున ముదురు గీత గీసి, మూలకి బొటనవేలెడు ముందే ఆపుతాను కదా. మూల దాకా లాగితే గది ఇరుకవుతుంది, ఆ కాస్త వదిలితే ఊపిరి పీల్చుకుంటుంది. ఈ మాట ఇంజనీరుకి చెబితే నవ్వాడు. మా కంట్రాక్టరూ నవ్వాడు. పని ఇచ్చేవాడు అతనే కాబట్టి నేనూ నవ్వేశాను.

మీ అమ్మ దగ్గు ఎలా ఉంది? పొద్దున లేవగానే గోడ మీద చెయ్యి పెట్టి చూడటం మానిందా? ఆ అద్దె ఇంటి చెమ్మలో ఇంకొక వానాకాలం గడవకూడదు. పొడి గది తప్ప ఏ మందూ పనిచెయ్యదని డాక్టరు చెప్పిన మాట నేను మర్చిపోలేదు, నువ్వూ మర్చిపోకు. తొందరగా ఇల్లు చూడు. ఆ గొడుగావిడని పంపించెయ్యి.

నీ మేలు కోరి కేకలు వేసే
నాన్న

*

ఇంటి నుంచి,
మధ్యాహ్నం డ్యూటీకి ముందు

ప్రియమైన నాన్నకు,

అమ్మ నీ ఉత్తరాన్ని నిజంగానే వెనక వైపు నుంచి చదివింది. ‘‘మీ నాన్నకి కోపం వచ్చినప్పుడే చేతిరాత బాగుంటుంది’’ అంది. దగ్గు అలాగే ఉంది. గోడ మీద చెయ్యి పెట్టడం మానలేదు. నిన్న పెట్టి చూసి, చీర చెంగుకి తుడుచుకుంది.

గొడుగావిడని పంపించను. ఎందుకో చెబుతాను, అరవకుండా విను.

మొదటి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మేవాళ్ళ ఏజెంటు గుమ్మంలోనే ఎదురొచ్చి, కుర్చీ వేసి, కాఫీ తెప్పించాడు. అమ్మ ఆరోగ్యం అడిగాడు. ఇంత మంచివాడు మనకి చుట్టమైతే బాగుండును అనుకున్నాను. ‘‘ఎప్పటిలోగా మారాలమ్మా మీరు?’’ అన్నాడు. అద్దె ఇల్లు రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలని చెప్పబోయాను. అంతలో గొడుగావిడ నా కాలు తొక్కింది. మామూలుగా కాదు, నేను బ్రేకు తొక్కినట్టు తొక్కింది.

బయటికి వచ్చాక చెప్పింది: ‘‘ఆయన మంచివాడేనమ్మా. కానీ ఆయన్ని పెట్టుకున్నది అమ్మేవాళ్ళు. మీరు తొందరలో ఉన్నారని ఆయనకి తెలిస్తే వాళ్ళకి చెప్పడం ఆయన ధర్మం. చెప్పకపోతే వాళ్ళకి ద్రోహం చేసినట్టు. మీ తొందర దాచిపెట్టడం నా ధర్మం.’’

నాకు వెంటనే అర్థమైంది. ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరు కూడా మంచివాడే, చెయ్యి ఊపుతాడు, నవ్వుతాడు. అంత మాత్రాన నా బస్సులో వాళ్ళని ఆయన దింపడు కదా.

ఆ వీధిలో ఈ ఏడాది అమ్ముడైన ఇళ్లన్నీ ఏ ధరకి పోయాయో ఆవిడ ముందే కాగితం మీద రాసుకొచ్చింది. కాఫీ ఇచ్చినాయన చెప్పిన ధర విని ఆ కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన కాఫీ కప్పులు లోపల పెట్టి రావడానికి వెళ్లి చాలాసేపు రాలేదు. ఆ ఇంట్లో కుళాయిలన్నీ ఒక్కసారి తిప్పి, నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూసింది. బీరువా పక్కకి జరిపించి వెనక చూసింది. నలుపు. ‘‘పైన పటారం, లోన లొటారం’’ అని గొడుగు తీసుకుని బయల్దేరింది. వానలో ఎందుకు చూస్తుందంటే, ఎండలో ఏ ఇల్లయినా మంచిదేనట.

ఇలా నాలుగు ఇళ్లు వద్దనిపించింది. ఐదోది నిన్న చూశాం. నాన్నా, ఆ ఇల్లు నాకు తెగ నచ్చింది. ఆవిడకి అంతగా నచ్చలేదు. నాకెందుకు నచ్చిందో ఇప్పుడు చెప్పను, ఏ వీధిలో ఉందో కూడా చెప్పను. కొన్నాక ఫోటో పంపుతాను, నువ్వే చూసి కనిపెట్టాలి.

కాలు వాపు తగ్గిన
నీ గడుగ్గాయి

*

ఆస్పత్రి సైటు,
భోజనాల వేళ

ప్రియమైన గడుగ్గాయికి,

కాలు తొక్కిందా? నా కూతురి కాలే తొక్కిందా? ఆవిడంటే నాకు కాస్త గౌరవం కలిగింది. నీ నోరు మూయించడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది, అప్పటికీ కుదరలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు.

అయినా బీరువాలు జరిపించి వెనక్కి తొంగి చూడటం ఏం మర్యాద? ఇల్లు అమ్ముకునేవాళ్ళు దొంగలా? రంగు వేసేది ఎందుకు, నాలుగు కళ్లు పడతాయనే కదా. పెళ్లిచూపులకి పౌడరు రాసుకుంటే మోసం అంటామా? ఇలాంటి మనుషులు గోడల్ని గోళ్లతో గీకి, పనివాళ్ళ కష్టాన్ని పాడుచేస్తారు. నేను చూశాను అలాంటివాళ్ళని. ఈ విషయంలో ఆవిడతో నేను కలవను.

ఐదో ఇల్లు నచ్చిందన్నావు. నచ్చితే తీసుకో. నువ్వు నా కూతురివి, గోడ మంచిదో కాదో నీ కంటికే తెలుస్తుంది. చిన్నప్పుడు నా పక్కన నిలబడి డబ్బాలు కలిపినదానివి. మంచి గోడ కనపడితే ఆగకు, ఆలస్యం చేస్తే ఇంకెవరో ఎగరేసుకుపోతారు. మీ అమ్మకి ఏ గది ఇస్తావో మాత్రం రాయి, రంగు నేను ఆలోచించిపెడతాను.

ఎవరి కాలూ తొక్కని
నాన్న

*

ఇంటి నుంచి,
సెలవు రోజు

ప్రియమైన నాన్నకు,

అయిపోయింది. అడ్వాన్సు ఇచ్చేశాను.

గొడుగావిడ ఇంకొక వారం ఆగమంది. చెమ్మ కొలిచే మీటరు తెచ్చి పడకగది గోడకి ఆనిస్తే ఒకచోట ముల్లు పైకి పోయింది, జానెడు పక్కన కిందికి వచ్చింది. కొత్త రంగు ఆరేదాకా అలాగే చూపిస్తుందని అమ్మేవాళ్ళ ఏజెంటు అన్నాడు. నేను ఆయన మాటే నమ్మాను. ‘‘ఈ ఇంటి గురించి మీకెందుకంత నమ్మకం?’’ అని ఆవిడ అడిగింది. నాకు తెలుసులెండి అన్నాను. ఆవిడ నా మొహం చూసి, ‘‘ఇల్లు మీది, నిర్ణయం మీది. కాగితం మాత్రం నేను చెప్పినట్టు రాయాలి’’ అంది.

కాగితంలో ఒక షరతు పెట్టించింది. పదిహేను రోజుల్లోగా, అమ్మేవాళ్ళు తెలిసి దాచిన లోపం ఏదైనా రుజువైతే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇచ్చి, ఒప్పందం రద్దు చెయ్యాలి. అవతలి ఏజెంటు దానికి నవ్వాడు. నాకే మొహమాటం వేసింది, అంత మంచి ఇంటికి ఈ అనుమానం పక్షి షరతు ఏమిటని. తీసెయ్యమన్నాను కూడా. ‘‘అది తీసేస్తే నన్నూ తీసెయ్యండి’’ అంది. సరే ఉండనివ్వండి అన్నాను, ఆవిడ తృప్తి కోసం.

నాన్నా, మన డబ్బంతా ఇందులోనే ఉంది. నా ఎనిమిదేళ్ల జీతం, నువ్వు పంపింది, అమ్మ దాచుకున్నది. అయినా రాత్రి హాయిగా నిద్రపట్టింది.

అమ్మ ఇంకా ఇల్లు చూడలేదు, వానలో తిప్పడం ఎందుకని నేనే తీసుకెళ్లలేదు. అమ్మకి ఇచ్చే గది ఫోటో దీంతో పెడుతున్నాను. లేత పిస్తా రంగు. బాగా చూడు, కిటికీ పక్క గోడ, సీలింగు దాకా. చూసి, నీకేం కనిపించిందో వెంటనే రాయి. నీ మొహం ఎలా వెలిగిపోతుందో దగ్గరుండి చూడలేకపోతున్నానే అని ఒక్కటే బాధ.

సొంతింటిదాన్ని కాబోతున్న
నీ గడుగ్గాయి

*

డిపో నుంచి,
మీ వైపు వెళ్లే బస్సులో

ప్రియమైన నాన్నకు,

పదకొండు రోజులైంది. ఉత్తరం లేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. మీ సైటు ఆఫీసుకి చేస్తే బాగానే ఉన్నాడు, పనికి వస్తున్నాడు అన్నారు. మరి నాకెందుకు రాయవు?

గొడుగావిడ మళ్ళీ రెండుసార్లు మీటరు పెట్టింది. అదే చోట అదే అంకె. గోడ తెరిచి చూస్తామంటే అమ్మేవాళ్ళు ఒప్పుకోలేదు. ఊరికే అనుమానంతో గోడ పగలగొట్టనివ్వం, రుజువు తెండి అన్నారు. శుక్రవారం సాయంత్రంతో షరతు గడువు అయిపోతుంది. నాకేం భయం లేదు. కానీ ఫోటో చూసి నువ్వు ఒక్క మాటైనా రాయకపోవడమే అర్థం కావడం లేదు. నీకు నచ్చలేదా?

నీ జవాబు కోసం రోజూ ఉత్తరాల డబ్బా తెరిచి చూస్తున్న
నీ కూతురు

*

ఆస్పత్రి సైటు,
బుధవారం

ప్రియమైన తల్లీ,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే సమయానికి అందదు. మన ఊరు వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మీ వాళ్ళేగా, నీ పేరు చెబితే తప్పకుండా అందిస్తానన్నాడు.

ఆ ఇల్లు కొనకు.

ఫోటో చూడగానే గుర్తుపట్టాను. సీలింగు కింద వేలెడు గీత, మూలకి బొటనవేలెడు ముందే ఆగింది. ఆ గోడ నేను వేసిందే. ఈ ఆస్పత్రి పనికి రాకముందు మన ఊళ్లో చేసిన ఆఖరి ఇల్లు అది.

నేను వెళ్లేసరికి ఆ గోడ నిండా బూజు ఉంది. అవతల స్నానాలగది పైపు గోడ లోపలే కారుతోంది. తాపీ మేస్త్రీ గోడ పగలగొట్టి పైపు మార్చాలన్నాడు. ఇల్లు చూడటానికి మనుషులు వస్తున్నారు, అంత టైము లేదన్నాడు ఇంటాయన. మా కంట్రాక్టరు నా వైపు తిరిగి, ‘‘రంగు వేసేవాడివి నువ్వు రంగు వెయ్యి’’ అన్నాడు. వేశాను. బూజు గీకాను, రెండు రోజులు హీటరు పెట్టి ఆరబెట్టాను, నీళ్లు బయటికి రాకుండా మందు కోటింగు రెండుసార్లు వేశాను, పుట్టీ పెట్టాను, ప్రైమరు, ఆపైన పిస్తా రంగు. నా జీవితంలో అంత నున్నటి గోడ వెయ్యలేదు. చివర అలవాటు ప్రకారం గీత గీశాను. ఎవరో కొంటారులే, వాళ్ళెవరో నాకేం తెలుసు అనుకున్నాను.

ఆ ఎవరో మీ అమ్మ. ఆ గోడ పక్కన మంచం వేసుకుని పడుకోబోయేది మీ అమ్మ.

మొన్న నీకు రాశాను చూడు, బీరువాలు జరిపేవాళ్ళని తిట్టి, పౌడరు రాసుకోవడం మోసమా అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. ఆ ఒక్క గోడే కాదు, ఇంకో రెండు మూడు ఉన్నాయి. అందుకే నాకు గొడుగావిడంటే పడలేదు. అలాంటి మనిషి ఎప్పుడో ఒకరోజు నా గోడ ముందుకి వచ్చి నిలబడుతుందని ముందు నుంచీ ఒక భయం. నీతో వచ్చి నిలబడుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

పన్నెండు రోజులు రాయలేకపోయాను. నీ కళ్లలో చిన్నవాణ్ణయిపోతానని సిగ్గుపడ్డాను. మామూలుగా ఏదో సాకు చెప్పి వద్దనిపిద్దామని నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. రుజువు లేకుండా నీ డబ్బు వెనక్కి రాదని, నువ్వు డిపో నుంచి రాసిన ఉత్తరం చూశాకే బుద్ధి వచ్చింది.

దీంతో ఇంకొక కాగితం పెడుతున్నాను. ఏం చూశానో, ఎవరు ఏమన్నారో, ఏ రోజు ఏ కోటింగు వేశానో, సీలింగు నుంచి ఎన్ని జానల కింద పైపు కారుతోందో అంతా రాసి, సంతకం పెట్టి, వేలిముద్ర కూడా వేశాను. గొడుగావిడకి ఇవ్వు. ఇది బయటికొస్తే కంట్రాక్టరు నాకు మళ్ళీ పని ఇవ్వడు. ఇవ్వకపోనీ. నా పని పోతుందని ఆవిడ వెనకాడుతుందేమో, వెనకాడవద్దని చెప్పు.

మీ అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు. నేను చెప్పాల్సిన మాట నీ చేత చెప్పిస్తున్నందుకు క్షమించమను.

నాన్న

*

కొత్త ఇంటి నుంచి,
ఆదివారం పొద్దున

ప్రియమైన నాన్నకు,

నెల దాటింది. నువ్వు పన్నెండు రోజులు రాయలేకపోతే నేను ముప్పై ఐదు రోజులు రాయలేకపోయాను. బాకీ తీరింది.

ముందు నీకు తెలియని సంగతి చెబుతాను. ఆ గీత నేను మొదటి రోజే చూశాను.

గదిలో అడుగుపెట్టి తలెత్తగానే కనిపించింది. ఇంకెవరు మూలకి ముందు ఆపుతారు? అక్కడే నిలబడి నవ్వుకున్నాను. ఇంక మీటరు ఏం చెప్పినా, ఆవిడ ఏం చెప్పినా నా చెవికెక్కలేదు. మా నాన్న చెయ్యి పడిన గోడ అబద్ధం చెప్పదనుకున్నాను. ఆ గీతని చూసే అడ్వాన్సు ఇచ్చాను. వీధి పేరు దాచింది, ఫోటో పంపింది, నీకు చెప్పకుండా నీ గోడే నీకు ఇద్దామని.

అందుకే కోపం వచ్చింది. నీ ఉత్తరం అందిన రోజు, నా బస్సు ఆ వీధి చివర ఆగే స్టాపులో అవసరానికి మించి ఆపి, వెనక బస్సువాడి చేత తిట్లు తిన్నాను. గడువు శుక్రవారం అయితే నీ కాగితం గురువారం మధ్యాహ్నం గొడుగావిడ చేతిలో పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, ‘‘మీ నమ్మకం ఇదన్నమాట’’ అంది. నేను ఏడిస్తే పక్కన కూర్చుంది.

శుక్రవారం పొద్దున్నే అమ్మేవాళ్ళని, వాళ్ళ ఏజెంటుని ఆ గదిలోకి పిలిపించింది. నువ్వు రాసిన కొలత ప్రకారం గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టి, ఇక్కడ తెరవండి అంది. నీ కాగితం చేతిలో ఉండేసరికి వాళ్ళు కాదనలేకపోయారు. నాలుగు దెబ్బలకి పైపు కనపడింది, కారుతూనే ఉంది. అవతలి ఏజెంటు తలదించుకున్నాడు, ఆయనకీ చెప్పలేదట వాళ్ళు. సోమవారానికల్లా మన డబ్బు పైసాతో సహా వెనక్కి వచ్చింది. నాకు మొహమాటం వేసిన ఆ షరతే లేకపోతే, ఆ రోజు నేను నిజం తెలిసి కూడా ఆ ఇంట్లోనే ఉండాల్సి వచ్చేది.

అమ్మకి ఉత్తరం చదివి వినిపించాను. చివరి దాకా విని, నీ కాగితం మీద వేలిముద్ర దగ్గర వేలు పెట్టి, ‘‘కప్పింది ఆయనే, గీకి చూపించింది కూడా ఆయనే. నాకది చాలు’’ అంది. నాకు చాలడానికి మాత్రం ఇన్నాళ్లు పట్టింది.

ఇప్పుడు ఈ ఇంటి సంగతి. చూస్తే నువ్వు మొహం తిప్పుకుంటావు. గోడలకి ఏళ్ల తరబడి రంగు లేదు, మరకలు, మేకుల చిల్లులు, తలుపు వేస్తే కిర్రుమంటుంది. చూసినవాళ్ళంతా వెనక్కి వెళ్లిపోయారట. గొడుగావిడ మాత్రం కుండపోత వానలో తీసుకొచ్చి, ప్రతి గోడకీ మీటరు ఆనించి, ముల్లు కదలకపోతే నాకు చూపించి నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి. ఎన్నాళ్లుగానో అమ్ముడుపోలేదని ధర తగ్గేలా మాట్లాడింది, వాకిలి పైకప్పు వాళ్ళ చేతే బాగుచేయించింది. పాపం, అమ్మేవాళ్ళు మర్యాద కొద్దీ రంగు వేయించి ఇస్తామన్నారు. తాళాలు ఇచ్చేదాకా గోడల మీద చుక్క రంగు పడకూడదని కాగితంలో రాయించింది.

కంట్రాక్టరు నీకు పని లేదన్నాడని సైటు వాళ్ళు చెప్పారు. మంచిది. గొడుగావిడ నీకొక కబురు చెప్పమంది. ఇల్లు కొనేవాళ్ళ తరఫున గోడలు చూసే మనిషి కావాలట. ‘‘చెమ్మ ఎక్కడుందో నా మీటరు చెబుతుంది. దాన్ని ఎలా కప్పుతారో మీ నాన్నగారు చెప్పాలి. ఇంటికింత అని ఇస్తాను, రంగు వెయ్యనక్కర్లేదు’’ అంది. గొడుగు మాత్రం నీదే తెచ్చుకోవాలి.

నీ బ్రషులు కూడా తెచ్చుకో. అమ్మ గదికి ఇంకా ఎవరూ రంగు వెయ్యలేదు, నీ కోసమే ఉంచాం. అమ్మ రోజూ పొద్దున్నే ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూస్తోంది. నిన్న నా చెయ్యి కూడా పట్టుకెళ్లి పెట్టించింది. పొడిగా, కాస్త గరుగ్గా ఉంది. నాలుగు రోజులుగా దగ్గు తగ్గింది, ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ ఒక్కసారే దగ్గింది. ఈ వానలు పూర్తిగా వెళ్లి, ఇంక వెయ్యమని అమ్మ అన్నాకే నువ్వు డబ్బా మూత తియ్యాలి. ఈ షరతు గొడుగావిడది కాదు, అమ్మది.

రంగు అయ్యాక సీలింగు కింద గీత గియ్యి నాన్నా. ఎప్పటిలాగే మూలకి బొటనవేలెడు ముందే ఆపు. నేను మళ్ళీ గుర్తుపడతాను, మళ్ళీ నమ్ముతాను.

తలుపు తీసి ఉంచిన
నీ గడుగ్గాయి